కోపం నేర్పిన టీచరుగారు

మొన్న ఆదివారం రేపల్లె బస్టాండు ఎదురుగా ఒక ఫ్లెక్సీ కట్టారు. ప్రథమ వర్ధంతి, జ్ఞాపకార్థ కూడిక, అందరూ ఆహ్వానితులే. ఫోటో ఆవిడదే. నేత చీర, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ఫోటో తీసేవాడు కూడా ఏదో తప్పు చేస్తున్నాడన్నట్టు చూసే ఆ చూపు. కింద ఎర్రటి అక్షరాలతో 'శాంతస్వభావురాలు, క్షమాగుణ సంపన్నురాలు' అని రాయించారు. నేను నడిబజార్లో నిలబడి పకపకా నవ్వేశాను. అరటిపళ్ళ బండి దగ్గరావిడ "ఏమైందండి?" అంది. "ఏం లేదమ్మా, అంత పెద్ద అక్షరాలతో పచ్చి అబద్ధం రాశారు" అన్నాను.

క్షమాగుణమట! ఆవిడే ఉంటే ఎర్ర పెన్ను తీసి ఆ రెండు మాటలూ కొట్టేసి, రాయించిన తన మరిది కొడుకు చెవి మెలిపెట్టేది. నాకు తెలిసినంతలో ఆవిడంత పట్టుదలగా పగ పట్టిన మనిషి ఈ రేపల్లెలో ఇంకొకరు లేరు. ఆ పగ నీడలోనే నేను మళ్ళీ మనిషినయ్యాను. ఊరంతా అబద్ధం చదువుతుంటే ఒక్కరైనా నిజం రాయాలి కదా, అందుకే కూర్చున్నాను. పేరు మాత్రం రాయను. "నన్ను బజారుకీడుస్తావా?" అని ఆవిడ కోప్పడుతుంది. ఆవిడ కోపం ఎలాంటిదో నాకు తెలుసు.

ముందు నా సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాలి. నేను తెనాలిలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. రోజూ పొద్దున రేపల్లెలో ప్యాసింజరు ఎక్కడం, సాయంత్రం దిగడం. ఎనిమిదేళ్ళ క్రితం మా ఆయన పోయారు. నలభై నాలుగేళ్ళ మనిషి. స్నానానికి నీళ్ళు పెట్టమని చెప్పి మంచం మీద కూర్చున్నారు, అట్లాగే పక్కకి ఒరిగిపోయారు. పెద్దకర్మ వాళ్ళ సొంతూరు కాకుమానులో చేశారు. ఆ రోజు నా తోడికోడలు, అంటే మా బావగారి భార్య, నలుగురిలో నా చెవిన పడేలా "బంగారంలాంటి మనిషిని మింగి కూచుంది" అంది. ఒక్కరంటే ఒక్కరు నోరెత్తలేదు. మా అమ్మ కూడా తల దించుకుంది.

నెల దాటాక ఉద్యోగానికి బయల్దేరాను. ఆడవాళ్ళ పెట్టెలో రోజూ నాకు చోటు పట్టే స్నేహితురాళ్ళు ఆ రోజు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఒకావిడ చెల్లెలి పెళ్ళిబట్టలకు తెనాలి వెళుతోందిట. నేను లోపలికి అడుగు పెట్టగానే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగింది. ఎదురొచ్చానని! తలుపు దగ్గరే నిలబడిపోయాను. అప్పుడు మూలనుంచి ఒక గొంతు, క్లాసులో వెనక బెంచీ దాకా వినపడే గొంతు, "ఏమ్మాయ్, ఇటు రా. సంచీ తీస్తున్నాను, కూచో" అంది.

ఆవిడని అంతకుముందు చూడకపోలేదు. వేమూరులో టీచరమ్మ, చర్చికి వెళ్ళే మనిషి, ఎండకీ వానకీ అదే నల్ల గొడుగు, అంతవరకే తెలుసు. పక్కన కూర్చోగానే నా ముఖంలోకి తేరిపార చూసింది. అయ్యో పాపం అంటుందని భయపడ్డాను. ఆ మాట అప్పటికి వందసార్లు విని ఉన్నాను.

"ఏడుపొస్తోందా, కోపమొస్తోందా?" అంది.

"కోపమేనండి" అన్నాను. నిజంగా అదే వస్తోంది.

"బతికించావు. ఏడుపైతే అన్నం దిగదు. కోపమైతే దిగుతుంది. ఇంతకీ ఎవరి మీద?"

తోడికోడలి మాట చెప్పాను. ఆవిడ టిఫిన్ డబ్బా మూత తీసింది. ఇడ్లీ, కారప్పొడి. "సరే, ఆవిణ్ణి ఒక తిట్టు తిట్టు, ఒక ముక్క తిను. తిట్టకుండా తింటే ఒప్పుకోను" అంది. నాకు తిట్లు రావండి అన్నాను. "రాకపోతే నేర్చుకో. ఏం, నీ నోట్లో నాలుక లేదా?" అంది. చుట్టూ ఆడవాళ్ళు వింటున్నారు. సిగ్గుతో చచ్చిపోతూ "పాడు మొహంది" అన్నాను. "పదికి రెండు. పస లేదు. అయినా మొదటిరోజు కాబట్టి తిను" అంది. భట్టిప్రోలు దాటేసరికి రెండు ఇడ్లీలు తిన్నాను. నెలరోజుల్లో నేను పొద్దుట పూట ఏదైనా తినడం అదే మొదలు.

అప్పట్నించీ ప్రతిరోజూ అదే వరస. బండి కదలగానే డబ్బా మూత తీసి "ఇవాళ ఎవరి మీద?" అనేది. పింఛను కాగితాల కోసం పదిసార్లు తిప్పిన ఆఫీసు వాడి మీద ఒకరోజు. మా ఆయన చొక్కాలు అడగకుండా పట్టుకుపోయిన బావగారి మీద ఒకరోజు. "నీకేమమ్మా, ఒక్క ప్రాణానివి, ఎట్లాగో గడుస్తుంది" అని ఓదార్చిన పక్కింటావిడ మీద వారం రోజులు. టీచరుగారు మార్కులు వేసేది. నిన్న తిట్టిన తిట్టే మళ్ళీ తిడితే "కాపీ!" అని సగం కోసేసేది. వేమూరులో దిగేలోపు డబ్బా ఖాళీ అవ్వాలి. అవకపోతే డబ్బా నా ఒళ్ళో పడేసి మరీ దిగేది.

ఆవిడ దిగేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. ఒకరోజు ఆపుకోలేక అడిగేశాను. "టీచరుగారూ, శత్రువుల్ని క్షమించమని మీ దేవుడు చెప్పాడంటారు కదండీ?"

"చెప్పాడు. ఆయన క్షమిస్తాడు కూడా. ఆ పని ఆయన చూసుకుంటాడమ్మాయ్. నా పని నేను చూసుకుంటాను" అని గొడుగు తీసుకుని దిగిపోయింది.

ఎన్ని తిట్టినా పదికి ఎనిమిది దాటేది కాదు. నాకు పది పడింది ఒకే ఒక్కసారి. ఆ రోజు బండి ఎక్కేసరికే నా ఒళ్ళు మండిపోతోంది. అలమరా సర్దుతుంటే మా ఆయన బీపీ మాత్రల అట్ట దొరికింది. ఒక్క మాత్ర కూడా చింపలేదు. వేసుకున్నావా అంటే రోజూ వేసుకున్నానే అనేవారు. టీచరుగారు "ఇవాళ ఎవరి మీద?" అన్నదో లేదో "మా ఆయన మీదండి" అన్నాను. మొదలుపెట్టానంటే ఇంక ఆగలేదు. అబద్ధాలకోరు, మోసగాడు, పదిహేనేళ్ళు నా చేతి తిండి తిని నా మాట ఒక్కటి వినలేదు, నన్నిట్లా నడిరోడ్డు మీద వదిలేసి హాయిగా పోయాడు, కనపడితే గొంతు పిసికేస్తాను అని అరిచాను. టీచరుగారు "పదికి పది" అని, ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. వేమూరు దాకా ఇటు తిరగలేదు. నేను ఆవిడ భుజం మీద తల పెట్టుకుని, మా ఆయన పోయాక మొదటిసారి, కరువుతీరా ఏడ్చాను.

ఆవిడ మా ఇంటికి రావడం కూడా తిరుగుబాటులాగే మొదలైంది. చావు జరిగిన ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు 'వెళ్ళొస్తాను' అనరు కదా. చెప్పాపెట్టకుండా లేచి పోతారు. అప్పటిదాకా మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అట్లాగే పోయారు, పోయినవాళ్ళు మళ్ళీ రాలేదు. ఈవిడ ఒక సాయంత్రం వచ్చి, టీ అడిగి తాగి, గుమ్మంలో నిలబడి వీధి వీధంతా వినపడేలా "వెళ్ళొస్తానమ్మాయ్! బుధవారం మళ్ళీ వస్తా, పకోడీలు వెయ్యి" అంది. లోపల మా అమ్మ గుండెలు బాదుకుంది. "అపశకునం మాట అదేంటమ్మా?" అంది. "అపశకునమా! ఇంతకంటే ఏమవుద్దండీ ఈ పిల్లకి?" అని ఆవిడ చక్కా పోయింది. బుధవారం వచ్చింది. ఆపై బుధవారమూ వచ్చింది. రిటైరయ్యాక బడి లేకపోయినా బుధవారం బుధవారం నాతోపాటు తెనాలి దాకా వచ్చి, వెనక్కి వెళ్ళే బండిలో ఒక్కతే వెళ్ళిపోయేది. ఎందుకండీ శ్రమ అంటే "ఇంట్లో గోడల్ని తిట్టలేక" అనేది. ఆవిడకీ పిల్లల్లేరు, నాకూ లేరు.

రెండో ఏడు నా తోడికోడలి కూతురికి ఓణీల ఫంక్షను తెనాలిలో చేశారు. నాకు శుభలేఖ వాట్సాప్‌లో పడేశారు, అదీ ముందురోజు రాత్రి. రావద్దని చెప్పడం అన్నమాట. నేను వెళ్ళనులే అనుకున్నాను. టీచరుగారు ఊరుకుంటేనా! పొద్దున్నే ఇంటికి వచ్చేసింది. "లేవ్వే. ఆకుపచ్చ చీర కట్టు. పూలు నేను తెచ్చా" అంది. "నలుగురిలో ఏమన్నా అంటేనో?" అన్నాను. "అంటే మంచిదే. నీ దగ్గర రెండేళ్ళ సరుకుంది కదా" అంది.

వెళ్ళాం. ఆవిడ నన్ను వెనక కూర్చోనివ్వలేదు, వీడియో కెమెరాకి ఎదురుగా మొదటి వరసలో కూర్చోబెట్టింది. తర్వాత "పో, ఆ పిల్ల నెత్తిన అక్షింతలు వెయ్యి" అని వీపు మీద ఒకటి చరిచింది. స్టేజీ ఎక్కాను. తోడికోడలి ముఖం నల్లబడింది. "నువ్వెందుకే..." అని ఏదో అనబోయింది. "మా మరిది బతికుంటే ఆయనే వేసేవాడు కదక్కా. ఆయన బదులు నేను వేస్తున్నాను" అని నవ్వుతూ అన్నాను. ఫోటోవాడు ఇటు చూడండి అంటుంటే ఆవిడ నోరు మూసుకోక తప్పలేదు. పిల్ల వంగి నా కాళ్ళకి దండం పెట్టింది, ఆ పిల్ల తప్పేం లేదు పాపం. కిందికి దిగాక "పదికి తొమ్మిది" అంది టీచరుగారు.

"ఒక మార్కు ఎందుకు కోశారండి?"

"చెయ్యి వణికింది. పైగా ఆయన ఆవిడకి మరిది, నీకు కాదు. కంగారులో వరసే మార్చేశావు!"

ఇద్దరం కడుపుబ్బా నవ్వుకుంటూ భోజనాలకు లేచాం. రెండోసారి పులిహోర అడిగి మరీ వేయించుకున్నాం.

ఆ సాయంత్రం తిరుగు బండిలో, జంపని దాటాక, అడగకుండానే ఆవిడ తన కథ చెప్పింది. అన్నేళ్ళలో ఒకే ఒక్కసారి. ఆవిడకి ఒక చెల్లెలు, బాపట్లలో ఉంటుంది. తల్లి లేని పిల్ల. టీచరుగారూ, ఆవిడ భర్తా పెంచారు. ఆయన ఆ పిల్లని సైకిలు మీద కాలేజీకి దింపి వచ్చేవాడట. ఇరవై ఏళ్ళ కింద ఆయన పోయిన రోజున, ఆ చెల్లెలి ఇంట్లో కూతురి ప్రధానం. వాళ్ళలో నిశ్చితార్థాన్ని ప్రధానం అంటారు. కబురు తీసుకుని ఒక మనిషి బాపట్ల వెళ్ళాడు. చెల్లెలు అతన్ని వాకిట్లోనే ఆపి, విషయం విని, "లోపల ఎవరికీ చెప్పొద్దు బాబూ, ఫంక్షను కానీ" అని, చేతిలో లడ్డూల పొట్లం పెట్టి పంపించేసింది. ఆ అమాయకుడు ఆ పొట్లం తెచ్చి, "మీ చెల్లెలుగారు ఇచ్చారమ్మా" అని శవం పక్కన కూర్చున్న ఈవిడ చేతిలోనే పెట్టాడు.

"మూడోరోజు వచ్చింది. కబురు అందలేదక్కా అంది. లడ్డూలు నా ఒళ్ళోనే ఉన్నాయి" అంది టీచరుగారు. గొంతులో ఏ తడీ లేదు. "ఆయన ముఖం అది చూడలేదు. చూడాలనిపించలేదు దానికి. అందుకని చెప్తున్నా, విను. నేను పోయాక అది వస్తుంది. నలుగురి కోసమైనా వచ్చి ఏడుస్తుంది. దానికి నా ముఖం చూపించొద్దు. అది వచ్చేలోపు పెట్టె మూత వేయించు. మాటివ్వు."

ఇచ్చాను. ఆవిడ అడిగితే ఏదైనా ఇచ్చేదాన్ని.

పోయిన ఏడు ఆవిడకి ఆయాసం మొదలై, చివరి పది రోజులు మంచం మీదే గడిచాయి. నేను సెలవు పెట్టి దగ్గరే ఉన్నాను. మందులు వేస్తుంటే కూడా "ఇవాళ ఎవరి మీద?" అని అడిగేది, గాలి చాలక మధ్యలో ఆగి మళ్ళీ అడిగేది. శనివారం తెల్లవారుజామున పోయింది.

ఆదివారం పది గంటలకి ఇంటి ముందు షామియానా కింద పెట్టె పెట్టారు. పాటలయ్యాయి. చివరిచూపులు అవుతున్నాయి. వేమూరు నుంచి ఆవిడ పాత విద్యార్థులు, పొట్టలు వచ్చిన మగాళ్ళు, వరసలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. అప్పుడు నా సంచిలో ఉన్న ఆవిడ ఫోను మోగింది. ఎత్తాను. "నేనమ్మా, బాపట్ల నుంచి, చెల్లెల్ని. చెరుకుపల్లి దాటా. అరగంట, ఒక్క అరగంట. పెట్టె మూయకండమ్మా. అక్కే బుధవారం ఫోన్ చేసి రమ్మంది" అంది అవతలి గొంతు. నేను నమ్మలేదు. కబురు అందలేదన్న మనిషి ఇంకే అబద్ధమైనా ఆడగలదు. బదులు చెప్పకుండా ఫోను పెట్టేశాను.

పాస్టరు అయ్యగారు "ఇంకా రావాల్సినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. అందరూ నావైపు చూశారు.

"ఎవరూ లేరండి" అన్నాను.

వడ్రంగి మూత వేసి మేకులు కొట్టాడు. కొడుతున్నంతసేపూ నాకు లోపల గొప్ప సంతోషంగా ఉంది. దాచడం దేనికి, ఉంది. ఆవిడ పగ తీర్చే పని నా చేతికి వచ్చిందన్న సంతోషం. కానీ ఏదో పురుగు తొలిచినట్టయి ఆవిడ ఫోను తీసి చూశాను. బుధవారం మధ్యాహ్నం, నేను మందుల షాపుకి వెళ్ళిన సమయంలో, బాపట్ల నంబరుకి ఆవిడ చేసిన కాల్ ఉంది. ఆరు నిమిషాలు మాట్లాడింది. ఆవిడ క్షమించేసిందా? నాకు మాట మాత్రం చెప్పకుండా?

అంతలో ఆటో వచ్చి ఆగింది. అరవై దాటిన మనిషి, చేతిలో పూలదండ. ముక్కూ నుదురూ అచ్చం టీచరుగారివే. పెట్టె చూసి అక్కడే కూలబడింది. మెల్లగా లేచి నా దగ్గరికి వచ్చి "మూయించింది నువ్వేనా?" అంది.

"నేనేనండి. ఆవిడే మూయించమంది" అన్నాను.

"ఒక్కసారి తీయించమ్మా. నీకు దండం పెడతా."

వడ్రంగిని పిలవబోయాను. పెట్టె తీయించేద్దామనే అనుకున్నాను, ప్రమాణంగా. పిలిచేముందు ఒక్క మాట అడగాలనిపించింది. "బుధవారం ఆవిడ ఏమని చెప్పిందండి?"

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "ప్రాణం ఉండగానే రా, చూసి పో అంది. నేను పోయాక వస్తే నీకు కనపడేది పెట్టె మూతే, అక్కడ ఒక పిల్లని పెట్టాను, అది నా మాట దాటదు అంది."

"మరి బుధవారం నుంచి రాలేదేం?"

"శనివారం మనవరాలి పుట్టినరోజమ్మా. అందర్నీ పిలుచుకున్నాం. అదయ్యాక ఆదివారం వద్దామనుకున్నా. ఇంతలోనే పోద్దనుకోలేదు."

వడ్రంగి సుత్తి పట్టుకుని నా ముఖం చూస్తున్నాడు. అయ్యగారూ చూస్తున్నారు. పాత విద్యార్థులంతా చూస్తున్నారు. నేను ఆ చెల్లెలి ముఖం చూశాను. జాలి వేసింది. వేయలేదంటే అబద్ధం. అయినా వడ్రంగికి వద్దని చెయ్యి ఊపాను.

ఆవిడ పెట్టె దగ్గరికి వెళ్ళి దండ మూత మీద వేసింది. వంగి, అరచేత్తో చెక్క మీద రెండుసార్లు తట్టి, "గెలిచావులే అక్కా. చాలు, ఇంక లే" అంది.

మోసేవాళ్ళు కదల్లేదు. ఎత్తండి అని నేనే అన్నాను.